జీడితోటలో కూత పెట్టింది ఎవరు?

మా ఆఫీసులో పాత ఫైళ్లు పెట్టే గది ఒకటుంది. కిటికీ లేదు, బల్బు వెలగడం దానిష్టం. ఆ గదిలో ఏదో తిరుగుతుందని అటెండరు దగ్గర్నుంచి సూపరింటెండెంటు దాకా అందరికీ నమ్మకం. నేను మధ్యాహ్నం క్యారేజీ పట్టుకెళ్లి అక్కడే కూర్చుని తింటాను. ఎవరూ రారు, ప్రశాంతంగా ఉంటుంది. దెయ్యాల మీద నాకున్న నమ్మకం అంతే. ఇన్నేళ్ల ఉద్యోగంలో నన్ను భయపెట్టింది ఆడిట్ వాళ్లు తప్ప ఇంకెవరూ లేరు.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, కింద రాసింది చదివి "ఈవిడకి మొదట్నుంచీ ఇలాంటి పిచ్చి ఉందేమో" అని ఎవరూ అనుకోకూడదు. నాకు లేదు. ఇప్పటికీ లేదు. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను, అంతే.

మా అత్త పేరు నారాయణమ్మ. డెబ్బై దాటాయి. ఆవిడకి మతిమరుపు జబ్బు మొదలై నాలుగైదేళ్లవుతోంది. మొదట్లో మేం పలాసలో ఉండేవాళ్లం. అక్కడున్నన్నాళ్లూ జబ్బు సంగతి మాకు సరిగా తెలియనే లేదు. పేర్లు తడబడేది, తిన్నది మర్చిపోయేది. కానీ ఆ ఇంట్లో కళ్లు మూసుకుని తిరిగేది. కరెంటు పోతే అగ్గిపెట్టె ఆవిడే తెచ్చేది.

నాకు టెక్కలి బదిలీ అయింది. ఇల్లు అద్దెకు తీసుకుని మారాం. మారిన మర్నాడే అసలు రంగు బయటపడింది. అత్త బీరువా తలుపు తీసి, "ఈది ఎటేపుందే?" అని అడిగింది. వీధిలోకి వెళ్లాలట. నాకు నవ్వొచ్చింది, నవ్వాను కూడా. ఆ నవ్వు తలచుకుంటే ఇప్పుడు నన్ను నేనే చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది. ఆ తర్వాత మూడు నెలలు ఆవిడ బాత్రూం వెతుక్కుంటూ వంటింట్లో నిలబడి ఏడ్చిన రోజులున్నాయి.

డాక్టరు మంచాయన. వివరంగా చెప్పాడు. పాత ఇంట్లో దారి ఆవిడ బుర్రకి తెలియదమ్మా, కాళ్లకి తెలుసు. కొత్తచోట కాళ్లకి తెలియదు, బుర్ర నేర్చుకోలేదు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్తే వెనకటి గది ఉందన్న సంగతే ఆవిడకి ఉండదు. వచ్చిన దారినే వెనక్కి వెళ్లాలని తోచదు, ముందుకే నడుస్తుంది. అందుకని వీలైనంతవరకు కొత్త చోట్లకి తీసుకెళ్లకండి, తప్పకపోతే ఒకే మనిషి చెయ్యి పట్టుకుని ఉండండి అన్నాడు. బుద్ధిగా తలూపి వచ్చాను.

నిరుడు శ్రావణంలో మా ఆయన మేనమామ, అంటే అత్త తమ్ముడు, కొత్తిల్లు కట్టి గృహప్రవేశం పెట్టుకున్నాడు. ఆయన సొంతూరు హరిశ్చంద్రపురం దగ్గర. అక్కడి పొలం అమ్మేసి ఉద్దానంలో పూండి అవతల జీడితోట కొన్నాడు, తోట పక్కనే ఇల్లు. మాలో ఎవ్వరం అంతవరకు ఆ ఊరు మొహం చూడలేదు.

ఇంటి ఆడపడుచు పాలు పొంగించాలి కదా. అత్తే రావాలని ఆయన పట్టు. మా మావయ్య పోయి చాలా కాలమైంది, అలాంటి మనిషి చేత పాలు పొంగించడమేమిటని చుట్టాల్లో ఎవరో గొణిగారు. ఆయన వినలేదు. వాళ్లమ్మ చిన్నప్పుడే పోతే ఈవిడే పెంచిందట.

"అప్ప రాకపోతే నాను గడప దాటను. ఎవులేటనుకున్నా నాకక్కర్నేదు" అన్నాడు ఫోనులో.

మా ఆయనకి సెలవు దొరకలేదు. మా వదిన, అంటే అత్త పెద్దకూతురు, పలాసలోనే ఉంటుంది. అమ్మని తీసుకెళ్లొద్దని చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పింది.

"డాక్టరేటి సెప్పినాడో మర్సిపోనావేటి సుజాతా? కొత్త సోటుకి తీసుకెల్లొద్దన్నాడా నేదా?"

"చెయ్యి వదలను వదినా, నాదీ పూచీ" అన్నాను.

నిజం చెప్పాలంటే, మేనమామ పట్టుదల ఒక వంక. నాకే వెళ్లాలనిపించింది. ఆఫీసు, ఇల్లు, అత్త. ఎనిమిది నెలలై ఒక పెళ్లి లేదు, పేరంటం లేదు. నలుగురి మధ్య కూర్చుని బంతి భోజనం చేయాలని ప్రాణం కొట్టుకుపోయింది. ఇది ఇంతవరకు మా ఆయనకి కూడా చెప్పలేదు.

వెళ్లాం. వద్దన్న వదినా పలాస నుంచి వచ్చింది. పొద్దున చినుకులు పడి ఆగాయి. మేనమామ గుమ్మంలోనే ఎదురొచ్చి అక్క కాళ్లకి దండం పెట్టాడు. ఆడపడుచులు నలుగురికీ ఒకే రకం చీరలు పెట్టాడు. కనకాంబరం రంగు, పచ్చ అంచు. మా వైపు రివాజు ప్రకారం పెట్టిన చీర అక్కడికక్కడే కట్టుకోవాలి. అత్తకి నేనే కట్టాను. ఆవిడ ఎవరింటికొచ్చామో తెలియక "ఎవుల పెల్లే?" అని నాలుగుసార్లు అడిగింది గానీ, పొయ్యి ముందు కూర్చోబెట్టగానే చూడాలి! కొత్త గిన్నెకి పసుపు రాసి, పాలు పోసి, సరిగ్గా తూర్పు వైపు పొంగేలా గిన్నె ఒక వారకి వంచింది. చింత చచ్చినా పులుపు చావలేదు అని అందరూ మురిసిపోయారు. మేనమామ కళ్లు తుడుచుకున్నాడు. నేనైతే వదిన వైపు చూసి, చూశావా, అన్నట్టు కనుబొమలెగరేశాను. అదో పొగరు నాకు.

భోజనాల వేళకి అత్తని పెరట్లో రేకుల షెడ్డు కింద ఆడవాళ్ల మధ్య కూర్చోబెట్టాను. అక్కడ సాయంత్రం వంటకి కూరలు తరుగుతున్నారు. అత్త చేతికి చిక్కుడుకాయలిస్తే ఈనెలు తీస్తూ కూర్చుంది. వదిన ఇంకా లోపల పూజ దగ్గర ఉంది. పక్కనున్నావిడకి కాస్త చూస్తూ ఉండమని చెప్పి, నేను బంతిలో కూర్చున్నాను. దూరం పది అడుగులు. అత్త వీపు నాకు కనబడుతూనే ఉంది. తింటూ తింటూ నాలుగైదుసార్లు చూశాను. కనకాంబరం చీర, నెరిసిన ముడి, అక్కడే ఉంది. హాయిగా తిన్నాను. రెండోసారి బూరెలు వేయించుకుని నెయ్యి కూడా పోయించుకున్నాను.

చెయ్యి కడుక్కుని వెళ్లి భుజం మీద చెయ్యి వేశాను. వెనక్కి తిరిగిన మొహం అత్తది కాదు. అత్త చెల్లెలిది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆడపడుచులు నలుగురికీ ఒకే చీర కదా! నేను బూరెలు తింటూ కాపలా కాసింది వేరే మనిషిని. పక్కనున్నావిడని అడిగితే, "అప్పుడే లేసెల్లిపోనాదమ్మా, నీకాడికే వొచ్చిందనుకున్నాను" అంది.

ఇల్లంతా వెతికాం. కొత్తిల్లు, ఎటు చూసినా తలుపులు. వీధిలో లేదు. మగవాళ్లు బళ్లేసుకుని కొందరు పూండి స్టేషను వైపు, కొందరు సముద్రం రోడ్డు వైపు వెళ్లారు. మేనమామ ఒక్కడే పెరటి వైపు చూస్తూ నిలబడిపోయాడు. ఆ పెరటికి గోడ లేదు, కంచె లేదు. షెడ్డు దాటితే తోటే. ఆ తోట దాటితే ఇంకోళ్ల తోట.

"ఎలుగుబంట్లు తిరగతన్నాయి. అది అలగుంచు, అమ్మాయీ, ఈ ఇసకలో పాత నేలనూతులున్నాయి. గట్టుండదు. తీగలల్లీసుంటాయి. తెలిసినోలకే కనపడవు" అన్నాడు.

ముందుకే నడుస్తుంది అని డాక్టరు అన్నమాట అప్పుడు గుర్తొచ్చింది నాకు. వెనక్కి తిరగాలని ఆవిడకి తోచదు. ఎదురుగా నుయ్యి ఉంటే నూతిలోకే నడుస్తుంది.

మేనమామ మనుషుల్ని జతలు జతలుగా పంపాడు. నేనూ వదినా ఒక జత. తోటలోకి దిగిన కాసేపటికి కరెంటు పోయి ఇంటి దగ్గర మైకు ఆగిపోయింది. ఇది గుర్తుపెట్టుకోండి. ఆ తర్వాత మాకు వినిపించినవి మా అరుపులు, ఆకుల మీంచి జారే నీటిచుక్కలు, అంతే.

జీడితోటలో ఎప్పుడైనా నడిచారా? కొమ్మలు నేల దాకా వాలి ఉంటాయి. వంగి వంగి దూరాలి. యాభై అడుగులు వెళ్లామంటే ఇల్లు ఏ వైపుందో చెప్పలేం. ఏ చెట్టు చూసినా ఇందాక చూసిన చెట్టే అనిపిస్తుంది. నాకు మతి బాగానే ఉంది, నేనే రెండుసార్లు తిరిగిన చోటికే వచ్చాను. అత్తకి రోజూ ప్రపంచం ఇలాగే ఉంటుంది కాబోలని ఆ క్షణంలో అనిపించి ఏడుపొచ్చింది.

వదిన తిడుతూనే ఉంది. తిట్టడం ఆపినప్పుడల్లా ఏడ్చింది. "నీ పూచీయేటైందే?" అని ఒకే మాట. "అత్తా" అని నేను, "అమ్మా" అని ఆవిడ అరిచి అరిచి గొంతులు పోయాయి. అరగంట అయ్యుంటుంది. నా నోట్లోంచి గాలి తప్ప మాట రావడం లేదు. ఇద్దరం ఒక చెట్టు మొదట్లో నిలబడిపోయాం.

అప్పుడు వినిపించింది.

ఆడగొంతు. రెండు చిన్న కూతలు, ఒక పొడవాటి కూత. కూ, కూ, కూఊఊ. మా ఎడమ వైపు నుంచి. అందులో భయం లేదు, ఏడుపు లేదు. పనిలో ఉన్న మనిషి పక్క చేలో మనిషిని పిలిచినట్టు ఉంది. వదిన నా మణికట్టు పట్టుకుంది.

"ఇన్నావా?"

తలూపాను. నా ఒక్కదానికే అయితే చెవి భ్రమ అనుకునేదాన్ని. వదిన గోళ్లు దిగిన గుర్తులు సాయంత్రం దాకా నా చేతి మీద ఉన్నాయి.

అటు పరుగెత్తాం. అంటే, వంగి దూరుకుంటూ పరుగెత్తినంత పని చేశాం. కొంత దూరం వెళ్లాక మళ్లీ అదే కూత, ఈసారి ఎదురుగా, దగ్గరగా. మళ్లీ వినపడలేదు. ఇంకో నాలుగు చెట్లు దాటేసరికి కొమ్మల సందున కనకాంబరం రంగు కనిపించింది.

అత్త తడి ఇసకలో కాళ్లు చాపుకుని తీరుబడిగా కూర్చుని ఉంది. ఒక కాలికి చెప్పు లేదు. ఒళ్లో రాలిన జీడాకులు పేర్చుకుంటోంది. చాపిన కాళ్లకి మూడడుగుల అవతల నేల మీద పచ్చటి తీగలు గుబురుగా అల్లుకుని ఉన్నాయి. మా అడుగుజాడలు పట్టుకుని అప్పుడే వచ్చిన మేనమామ చేతికర్రతో ఆ తీగల్ని కదిపాడు. కర్ర మొత్తం లోపలికి పోయింది. కింద నీళ్ల చప్పుడు.

నేను అత్త మీద పడి ఏడ్చేశాను. ఏడుస్తూ తిట్టాను, తిడుతూ ముద్దులు పెట్టాను. నా ఏడుపుకి విసుక్కుని ఆవిడ మొదటిమాట అంది.

"ఏటే ఇంత ఆలీసం సేసినావు? నువ్వు కూతెట్టీసరికి కూకుండిపోనాను గదా."

నేను కూత పెట్టలేదు, నువ్వే పెట్టావు కదా అన్నాను. ఆవిడ నన్ను ఒక తెలివితక్కువ దద్దమ్మని చూసినట్టు చూసింది.

"తప్పిపోనోలు కూతెట్టరే, పిచ్చిమొకమా. ఎతికినోలు కూతెడతారు. తప్పిపోనోలు కూకోవాల."

ఇంటికొచ్చాం. చూడాలి ఆ సంబరం! మగవాళ్లకి ఫోన్లు వెళ్లాయి, బళ్లన్నీ తిరిగొచ్చాయి, చల్లారిన అన్నం మళ్లీ వడ్డించారు. తోటలో నన్ను కాల్చుకు తిన్న వదిన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ముద్దలు కలిపి పెట్టింది. ఇద్దరం ఒకళ్లనొకళ్లు చూసుకుని ఉట్టినే నవ్వాం. అత్త ఆరు బూరెలు తిని, ఎవరి పెళ్లని మళ్లీ అడిగింది. పెళ్లికూతురు నువ్వే అని మేనమామ అంటే సిగ్గుపడింది. నా జీవితంలో అంత హాయి ఇంకెప్పుడూ ఎరగను.

సాయంత్రం మేనమామ చెప్పాడు. వెనకటి రోజుల్లో జీడిపిక్కలు ఏరే ఆడకూలీలు తోటల్లో విడిపోయేవారట. ఫోన్లు ఎక్కడివి? అందుకని ఒక కట్టుబాటు ఉండేది. ఎవరైనా కనబడకపోతే జట్టులో ఒకామె కూత పెడుతుంది. ఆ కూత విన్న మనిషి ఎక్కడిదక్కడ కూలబడాలి. ఇద్దరూ నడిస్తే చెట్ల చుట్టూ ఒకరి వెనక ఒకరు తిరుగుతూనే ఉంటారు కాబట్టి. ఒక్కో జట్టుది ఒక్కో కూత. అత్త పెళ్లైన కొత్తలో భావనపాడు వైపు ఒక తోటలో నాలుగైదేళ్లు ఆ పని చేసిందట. అది నాకు ఆ రోజే తెలిసింది. ఈ తోటకీ ఆ తోటకీ సంబంధం లేదు.

"ఇప్పుడెవులు ఎరుగుదురమ్మా ఆ కూతలు? నాను ఇని ముప్పై ఏల్లు దాటీసింది" అన్నాడు.

నేను ఊరుకునే రకాన్ని కాదు. వెతకడానికి వెళ్లిన ప్రతి జతనీ అడిగాను. ఎవరూ కూత పెట్టలేదు. శ్రావణంలో జీడిపిక్కలుండవు, తోటల్లో కూలీలు లేరు. జెముడుకాకి అయ్యుంటుందన్నారు ఒకరు. జెముడుకాకి గొంతు నాకు తెలుసు, అది మనిషిని పిలవదు. వానకి మెత్తబడిన ఇసకలో అత్త అడుగులున్నాయి, ఒకటి చెప్పుతో, ఒకటి వట్టి పాదం. మా అడుగులున్నాయి. నాకు కనబడినంతలో ఇంకెవరివీ లేవు. అయితే నేను పోలీసుకుక్కని కాదు, సరిగా చూడలేదేమో.

అత్తే కూత పెట్టి మర్చిపోయి ఉంటుంది. ఇది మా ఆయన మాట. నాకూ బాగానే అనిపించింది. నెల రోజులు దాన్నే పట్టుకుని నిశ్చింతగా ఉన్నాను.

ఒకరోజు వంటింట్లో ఉండి, ఊరికే సరదాకి, ఆ కూత నేను పెట్టాను. కూ, కూ, కూఊఊ. హాల్లో చప్పుడు లేదు. వెళ్లి చూస్తే అత్త హాలు మధ్యలో నేల మీద కూర్చుని ఉంది, నా కోసం చూస్తూ. నాకు ఒళ్లు జలదరించింది, ఆ వెంటనే నవ్వొచ్చింది. మర్నాడు ఇంకో మూడు కూతలతో పిలిచాను, వేరే వరసలో. కదల్లేదు. ఆ ఒక్క కూతకే కూర్చుంటుంది.

నువ్వు పెట్టు అత్తా అన్నాను. ప్రయత్నించింది. గాలి తప్ప ఏమీ రాలేదు. తనకి ఆ కూత ఎప్పుడూ రాదట. జట్టులో అది పెట్టేది ఇంకొకావిడట. ఎవరు అంటే, నోరు తెరిచి, పేరు నాలుక చివర దాకా తెచ్చుకుని, పోగొట్టుకుంది. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగితే అడగడం ఆపేశాను. మేనమామకీ ఆ జట్టులో వాళ్లెవరో తెలియదు.

డాక్టరుకి చెప్పాను. కూర్చోవడం సంగతి ఆయన సంతోషంగా వివరించాడు. వయసులో ఒంటికి పట్టిన అలవాటు, జబ్బు దాన్ని ఆఖరున గానీ ముట్టుకోదట. మరి కూత పెట్టింది ఎవరండీ అంటే, తర్వాతి పేషెంటు కాగితాలు తీసుకున్నాడు.

ఏమైతేనేం, ఆ రోజు నుంచి మా ఇంట్లో గండం గడిచింది. అత్త గేటు వైపు నడిస్తే కూత పెడతాను, కూర్చుంటుంది, వెళ్లి లేపుకొస్తాను. వీధిలో వాళ్లకి మొదట్లో వింతగా ఉండేది, ఇప్పుడు పట్టించుకోవడం మానేశారు. ఈ మధ్య ఇద్దరం తిరునాళ్లకి కూడా వెళ్లొచ్చాం.

నిన్న రాత్రి అన్నం పెడుతూ మళ్లీ అడిగాను. మనసాగలేదు. ఆ రోజు తోటలో నిన్ను పిలిచింది నేను కాదత్తా, ఎవరు?

ముద్ద పక్కన పెట్టి నా వైపు తిరిగింది. "నువ్వు కాదేటి?"

కాదన్నాను.

"అయితే మరింకోలు. అంత దూరం వొచ్చి ఎతికినాది గదా, ఆవిడికి బంతిలో అన్నం ఎట్టేరా నేదా?"

మేమందరం తిన్నాం. వెతికిన ప్రతివాళ్లకీ వడ్డించాం, బళ్ల మీద తిరిగొచ్చినవాళ్లకి కూడా.

"పెట్టలేదత్తా. ఎవరో తెలియలేదు" అన్నాను.

"తెలుసుకోవాల గదే!" అని కసిరింది.

ఇప్పటికీ తెలుసుకోలేకపోయాను.